సీఎంబీలోని వేడి, చలి మచ్చలు నిజంగా క్వాంటం నుంచే వచ్చాయా?

మీరు అడిగింది ఇది: "కాస్మిక్ మైక్రోవేవ్ బ్యాక్‌గ్రౌండ్ (సీఎంబీ) మ్యాప్‌లో కనిపించే ఉష్ణోగ్రత తేడాలు క్వాంటం ఫ్లక్చువేషన్ల వల్ల వచ్చాయని ప్రతి వీడియోలోనూ చెబుతున్నారు. క్వాంటం అంటే అణువు లోపలి సంగతి కదా, ఆకాశమంత మచ్చలు దాని వల్ల ఎలా వస్తాయి? శూన్యంలో కణాలు పుట్టి మాయమైపోతుంటే అవి వేడిగా ఎలా మారతాయి? అసలు ఇది రుజువైందా, లేక నమ్మకమేనా?"

ఇందులో మూడు ప్రశ్నలున్నాయి. మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది, దాన్ని అడిగేవాళ్లు తక్కువ. చాలా ఏళ్లుగా ఎం.ఎస్సీ. విద్యార్థులకు కాస్మాలజీ చెబుతున్నాను. ఈ పాఠం దగ్గరికి వచ్చేసరికి లెక్క అందరికీ వచ్చేస్తుంది, దాని వెనకున్న భౌతికశాస్త్రం మాత్రం మసకగానే ఉండిపోతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు క్లుప్తంగా. ఏ క్షేత్రాన్నీ (అంటే అయస్కాంత క్షేత్రంలా, అంతరాళంలో ప్రతి చోటా ఒక విలువ ఉండే రాశిని) పూర్తిగా నిశ్చలంగా ఉంచడం క్వాంటం నియమాల ప్రకారం కుదరదు. విశ్వం పుట్టిన తొలి క్షణంలో, ఇన్‌ఫ్లేషన్ అనే అతివేగ విస్తరణ ఆ కనీసపు ఎత్తుపల్లాలను సాగదీసింది, సాగదీస్తూ వాటి ఎత్తు తగ్గిపోకుండా స్తంభింపజేసింది. అవే తర్వాత పదార్థం సాంద్రతలో తేడాలయ్యాయి. ఆ తేడాలు సుమారు 3,80,000 ఏళ్లు శబ్ద తరంగాలుగా ఊగి, సీఎంబీ వెలుగు విడుదలైన క్షణాన ఉన్న స్థితిలో మనకు వేడి, చలి మచ్చలుగా కనిపిస్తున్నాయి. ఆకాశంలో కొలిచిన నమూనా ఈ లెక్కతో చాలా దగ్గరగా సరిపోతుంది. కానీ "ఇది క్వాంటం తప్ప ఇంకేదీ కాదు" అని తేల్చే కొలత మాత్రం ఇంకా మన చేతిలో లేదు. ఈ రెండు వాక్యాలనూ కలిపే గుర్తుపెట్టుకోండి.

ఇక మ్యాప్ సంగతి. 1965లో అమెరికాలోని న్యూజెర్సీలో, బెల్ ల్యాబ్స్ యాంటెన్నాతో పనిచేస్తున్న ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ తమకు ఎటు తిప్పినా తగ్గని మైక్రోవేవ్ రొద ఒకటి వినిపిస్తోందని ప్రకటించారు. అది విశ్వం చల్లబడి, ఎలక్ట్రాన్లు ప్రోటాన్లతో కలిసి తటస్థ హైడ్రోజన్‌గా మారిన సమయంలో విడుదలైన వెలుగు. అప్పుడు దాని ఉష్ణోగ్రత దాదాపు 3,000 కెల్విన్. అప్పటి నుంచి విశ్వం సుమారు 1,090 రెట్లు సాగింది కాబట్టి ఇప్పుడది 2.725 కెల్విన్. ఏ దిక్కున చూసినా ఇంతే. సూర్యుడు సెకనుకు సుమారు 370 కిలోమీటర్ల వేగంతో కదులుతున్నందువల్ల ఒక వైపు కాస్త వేడిగా, ఎదురు వైపు కాస్త చల్లగా కనిపిస్తుంది. ఆ 3.36 మిల్లీకెల్విన్ల తేడాను, మన గెలాక్సీ నుంచి వచ్చే వెలుగును తీసేశాక మిగిలేది ఎంతో తెలుసా? కొన్ని పదుల మైక్రోకెల్విన్లు. 1992 ఏప్రిల్‌లో కోబీ ఉపగ్రహం బృందం పది డిగ్రీల స్థాయిలో సుమారు 30 మైక్రోకెల్విన్ల తేడాలున్నాయని ప్రకటించింది. అంటే లక్షలో ఒక వంతు. తర్వాత డబ్ల్యూమ్యాప్, 2009లో ఎగిరిన ప్లాంక్ ఉపగ్రహం అదే చిత్రాన్ని చాలా నిశితంగా గీశాయి. మీరు చూసే మ్యాప్‌లోని ఎరుపు, నీలం రంగులు ఈ అతి చిన్న తేడాను కంటికి కనిపించేలా పెంచి చూపినవి.

లక్షలో ఒక వంతే కదా అని తీసిపారేయడానికి లేదు. సాంద్రత కాస్త ఎక్కువ ఉన్న చోటికి గురుత్వాకర్షణ ఇంకాస్త పదార్థాన్ని లాగింది, అలా పెరిగి పెరిగి గెలాక్సీలు ఏర్పడ్డాయి. మొదట్లో ఆ తేడా బొత్తిగా సున్నా అయి ఉంటే గురుత్వాకర్షణకు ఎటు లాగాలో తెలిసేది కాదు, ఈ రోజుకీ విశ్వమంతా పలచటి వాయువే ఉండేది. కాబట్టి అసలు ప్రశ్న: ఆ మొదటి తేడా ఎక్కడిది?

సాధారణ బిగ్‌బ్యాంగ్ లెక్కలో దీనికి జవాబు లేదు. సీఎంబీ విడుదలైన నాటికి వెలుగు ప్రయాణించగలిగిన గరిష్ఠ దూరం ఇప్పుడు మన ఆకాశంలో ఒకటి, రెండు డిగ్రీలంతే. అంతకన్నా దూరంగా ఉన్న రెండు చోట్ల మధ్య ఆనాటికి ఏ సమాచారమూ వెళ్లి ఉండదు. అయినా రెండు చోట్లా ఉష్ణోగ్రత ఒకటే, పైగా పదుల డిగ్రీల వెడల్పున్న మచ్చలు కూడా ఉన్నాయి. ఒకరికొకరు తెలియని ప్రదేశాలు కలిసి ఒకే మచ్చగా ఎలా ఏర్పడ్డాయి? 1980లో మాస్కోలో అలెక్సీ స్టారోబిన్‌స్కీ, 1981లో అమెరికాలో అలన్ గుత్, ఆ వెంటనే లిండే, ఆల్బ్రెక్ట్, స్టైన్‌హార్ట్ వేరు వేరు దారుల్లో చేరుకున్న ఆలోచన దీనికి ఒక దారి చూపింది: తొలి సెకనులో అతి చిన్న భాగంలోనే విశ్వం ఘాతీయంగా ఉబ్బిపోయింది, మనకు కనిపించే ఆకాశమంతా అంతకు ముందు ఒకే చిన్న ప్రాంతం. ఆ ఉబ్బు పొడవు వైపు చూసుకుంటే కనీసం 10²⁶ రెట్లు అయి ఉండాలన్నది మామూలుగా చెప్పే అంచనా.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, శూన్యంలో పుట్టి మాయమయ్యే కణాల సంగతి. ఆ బొమ్మను ఇక్కడ పూర్తిగా పక్కన పెట్టేయమని నా సలహా. పాపులర్ సైన్స్ వీడియోలకు అది సులువుగా ఉంటుంది గానీ దాన్ని పట్టుకుని సీఎంబీ దాకా రావడం కుదరదు. శూన్యం ఒక క్షేత్రానికి ఉండగల కనీస శక్తి స్థితి. మామూలు శూన్యంలో ఆ స్థితి కాలంతో మారదు, అందులో ఏదీ టపటపా పుట్టి చావడం లేదు.

దాని బదులు డోలకాన్ని తీసుకోండి. ఇంటర్‌లో చదివిన సరళ హరాత్మక డోలకమే, కాకపోతే క్వాంటం నియమాలు పాటించేది. దాని కనీస శక్తి స్థితిలో స్థానం సగటు సున్నా. కానీ స్థానాన్ని కొలిస్తే ప్రతిసారీ సున్నా రాదు, సున్నా చుట్టూ గంట ఆకారంలో, అంటే గాసియన్‌గా, విలువలు పరుచుకుని ఉంటాయి. స్థానమూ వేగమూ రెండూ ఒకేసారి ఖచ్చితంగా సున్నా కావడం హైసెన్‌బర్గ్ నియమం ఒప్పుకోదు. ఇది కాగితం మీది మాట కాదు. ద్రవ హీలియాన్ని మామూలు పీడనంలో ఎంత చల్లబరిచినా గడ్డకట్టదు, గడ్డకట్టాలంటే సుమారు 25 అట్మాస్ఫియర్ల ఒత్తిడి పెట్టాలి. పరమశూన్య ఉష్ణోగ్రత దగ్గర కూడా దాని పరమాణువులు ఒక చోట స్థిరంగా నిలవవు కాబట్టే అలా జరుగుతుంది.

క్షేత్రం అంటే ఇలాంటి డోలకాల పెద్ద సముదాయం. ప్రతి తరంగదైర్ఘ్యానికీ, ప్రతి దిశకీ ఒక్కో డోలకం. శూన్యంలో ఒక్కో డోలకానికీ విలువల్లో తనదైన కనీస వ్యాప్తి ఉంటుంది. ఆ వ్యాప్తి, అంటే తరంగం ఎత్తు, ఎంతన్నది తరంగదైర్ఘ్యాన్ని బట్టి ఉంటుంది: తరంగం ఎంత పొట్టిదైతే ఎత్తు అంత ఎక్కువ, ఎంత పొడుగైతే అంత తక్కువ. మీరు అన్న "క్వాంటం అంటే అణువు లోపలి సంగతి" అన్నదానికి మూలం ఇదే. కాంతి సంవత్సరాల పొడవున్న తరంగానికి మామూలు శూన్యంలో ఉండే ఎత్తు దాదాపు లేనట్టే. అలాంటప్పుడు అంత పొడవున్న తరంగానికి కొలవగలిగినంత ఎత్తు రావాలంటే ఒకటే మార్గం. అది పొట్టిగా ఉన్నప్పుడే ఎత్తు సంపాదించుకోవాలి, తర్వాత పొడవు పెరిగినా ఎత్తు తగ్గకూడదు.

ఇన్‌ఫ్లేషన్ చేసింది సరిగ్గా ఆ పనే. విస్తరించే విశ్వంలో ఒక తరంగం సమీకరణం రాస్తే, అది రాపిడి ఉన్న డోలకం సమీకరణంలా వస్తుంది. ఆ రాపిడి విశ్వం విస్తరించే వేగం నుంచి, అంటే హబుల్ రేటు నుంచి వస్తుంది. తరంగదైర్ఘ్యం చిన్నగా ఉన్నంత కాలం డోలనం వేగంగా సాగుతుంది, రాపిడి దాన్ని ఏమీ చేయలేదు. తరంగం సాగుతున్న కొద్దీ ఎత్తు తగ్గుతూ, ప్రతి దశలోనూ శూన్య స్థితిలోనే ఉంటుంది. కానీ ఇన్‌ఫ్లేషన్‌లో తరంగదైర్ఘ్యం ఘాతీయంగా పెరిగిపోతుంది, హబుల్ రేడియస్ (వెలుగు వేగాన్ని హబుల్ రేటుతో భాగిస్తే వచ్చే దూరం) మాత్రం దాదాపు స్థిరంగా ఉంటుంది. కొద్దిసేపట్లోనే తరంగం ఆ రేడియస్‌ను దాటుతుంది. దాటగానే డోలనం కన్నా రాపిడి బలవంతురాలవుతుంది, తరంగం ఊగడం ఆపేస్తుంది. ఆ క్షణానికి ఎంత ఎత్తుందో ఆ ఎత్తులోనే స్తంభించిపోతుంది. లెక్క చేస్తే ఆ ఎత్తు హబుల్ రేటును 2π తో భాగిస్తే వచ్చే సంఖ్య. ఆ తర్వాత తరంగం ఎన్ని కోట్ల రెట్లు సాగినా ఎత్తు అంతే.

అది స్తంభించినప్పుడు పొడవెంత? ఇన్‌ఫ్లేషన్ శక్తి ఎంతో మనకు ఖచ్చితంగా తెలియదు గానీ, అధిక శక్తి నమూనాల్లో ఆ హబుల్ రేడియస్ 10⁻²⁹ మీటర్లకు అటూ ఇటూ వస్తుంది. ప్రోటాన్‌తో పోల్చినా అది కోటాను కోట్ల రెట్లు చిన్నది. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు: క్వాంటం పని జరిగింది అతి చిన్న స్థాయిలోనే, ఆకాశమంత మచ్చ ఆనాడు ప్రోటాన్ అంత కూడా లేదు. ఇదే సిద్ధాంతంలో ప్లాంక్ స్థిరాంకం విలువను సున్నా చేసి చూడండి, ఈ దారిలో వచ్చే తేడాలన్నీ మాయమైపోతాయి, మ్యాప్ అంతా ఒకే రంగు అవుతుంది.

స్తంభించిన క్షేత్రం నుంచి పదార్థం దాకా రావడానికి ఇంకొక్క అడుగు. ఇన్‌ఫ్లేషన్‌ను నడిపే క్షేత్రమే ఎప్పుడు ఆగాలో చెప్పే గడియారం కూడా. క్షేత్రం ఒక విలువకు దిగినప్పుడు ఇన్‌ఫ్లేషన్ ఆగి, ఆ శక్తి వేడి కణాలుగా మారుతుంది. క్షేత్రం విలువలో చోటు చోటుకీ చిన్న తేడా ఉంటే గడియారమూ చోటు చోటుకీ కాస్త ముందు, వెనకలుగా నడుస్తుంది. ఒక చోట ఇన్‌ఫ్లేషన్ కొంచెం ఆలస్యంగా ఆగితే, అక్కడి వేడి కణాలు పలచబడటానికి దొరికిన సమయం తక్కువ, కాబట్టి ఆ చోటు పక్క చోట్ల కన్నా కాస్త సాంద్రంగా ఉంటుంది. క్షేత్రంలో తేడా సమయంలో తేడాగా, సమయంలో తేడా సాంద్రతలో తేడాగా మారడమంటే ఇదే. శూన్యంలోని కణాలు వేడెక్కడం ఇందులో ఎక్కడా లేదు.

దీన్ని మొదట లెక్కగట్టింది మాస్కోలోని లెబెదేవ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన వ్యాచెస్లావ్ ముఖనోవ్, గెన్నడీ చిబిసోవ్. 1981లో స్టారోబిన్‌స్కీ నమూనా మీద వాళ్లు చేసిన లెక్కలో, గెలాక్సీలకు కావలసిన విత్తనాలు క్వాంటం నుంచి వస్తాయని, వాటి బలం పొడవును బట్టి చాలా నెమ్మదిగా మారుతుందని రెండూ ఉన్నాయి. మరుసటి ఏడాది వేసవిలో కేంబ్రిడ్జ్‌లో జరిగిన నఫీల్డ్ సమావేశంలో హాకింగ్, స్టారోబిన్‌స్కీ, గుత్, బార్డీన్, స్టైన్‌హార్ట్, టర్నర్ తదితరులు ఇదే సమస్యతో కుస్తీ పట్టి, మొదట్లో వేరు వేరు జవాబులతో వచ్చి, సమావేశం ముగిసేసరికి ఒకే జవాబుకు చేరారు. అప్పటికి సీఎంబీలో ఈ తేడాలను ఎవరూ కొలవలేదని గమనించండి. లెక్క ముందు వచ్చింది, కోబీ పదేళ్ల తర్వాత వచ్చింది.

ఇక్కడ విద్యార్థులు తరచూ ఒక మంచి సందేహం అడుగుతారు. ఇన్‌ఫ్లేషన్ ఆగిన తర్వాత వేడి కణాలు ఎలా పుట్టాయో, ఆ శక్తుల దగ్గర భౌతికశాస్త్రం ఏమిటో మనకు సరిగ్గా తెలియదు. మధ్యలో అంత అంధకారం పెట్టుకుని ఇటు చివర ఉన్న సంఖ్యను అటు చివరతో ఎలా పోలుస్తారు? నా దృష్టిలో ఈ మొత్తం కథలో అందరికన్నా తక్కువ పేరు వచ్చిన విషయం దీని జవాబే. ఒక తరంగం హబుల్ రేడియస్ కన్నా పొడుగ్గా ఉన్నంత కాలం, కర్వేచర్ పెర్టర్బేషన్ (అంతరాళం వంపులో చోటు చోటుకీ ఉండే తేడా) అనే ఒక రాశి మారదు. ఒకే క్షేత్రం నడిపిన ఇన్‌ఫ్లేషన్‌లో, లోపల జరిగే ప్రక్రియ ఏదైనా సరే, దాన్ని ముట్టుకోలేదు. ఎందుకంటే అంత పొడవు తరంగంలో ఒక్కో ప్రాంతం తనకు తాను ఒక చిన్న విశ్వంలా నడుస్తుంది, పక్క ప్రాంతంతో పోలిస్తే గడియారం కాస్త జరిగి ఉంటుంది, అంతే. ఇన్‌ఫ్లేషన్ ఆగాక హబుల్ రేడియస్ పెరిగి ఆ తరంగాన్ని తిరిగి అందుకునే దాకా ఆ రాశి మూసిన కవరులో ఉత్తరంలా భద్రంగా వస్తుంది.

ఆ రాశి విలువ ప్లాంక్ కొలతల నుంచి తెలుసు. దాని వర్గం సుమారు 2.1 × 10⁻⁹, అంటే రాశి 4.6 × 10⁻⁵. పెద్ద కోణాల దగ్గర ఉష్ణోగ్రత తేడా అందులో ఐదో వంతు ఉంటుంది. భాగించి చూడండి, లక్షలో ఒక వంతు దగ్గరికి వచ్చేస్తుంది.

ఈ పెద్ద కోణాల విషయంలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. వేడి మచ్చ అంటే సాంద్రమైన చోటు అనుకుంటారు. పెద్ద కోణాల దగ్గర జరిగేది తలకిందులు. సాంద్రత ఎక్కువ ఉన్న చోట ప్లాస్మా కాస్త వేడిగానే ఉంటుంది, కానీ అక్కడి వెలుగు గురుత్వాకర్షణ గుంతలోంచి ఎక్కి బయటికి రావాలి. ఎక్కేటప్పుడు అది పోగొట్టుకునే శక్తి, మొదట ఉన్న అదనపు వేడి కన్నా ఎక్కువ. మొత్తం మీద ఆ చోటు మనకు చల్లగా కనిపిస్తుంది. 1967లో సాక్స్, వుల్ఫ్ చూపించారు దీన్ని.

చిన్న కోణాల దగ్గర కథ వేరు. అక్కడ తరంగాలు హబుల్ రేడియస్ లోపలికి వచ్చేసి ఊగడం మొదలుపెట్టాయి. ఫోటాన్లు, ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు కలిసిన ప్లాస్మాను గురుత్వాకర్షణ నొక్కుతుంది, ఫోటాన్ల పీడనం తిరిగి నెడుతుంది. ఇది శబ్దమే, వేగం మాత్రం దాదాపు వెలుగు వేగాన్ని రూట్ 3తో భాగించినంత. సీఎంబీ విడుదలైన క్షణంలో ఎవరు ఏ దశలో ఉంటే ఆ దశే మ్యాప్‌లో ముద్రపడింది. ఏ కోణం దగ్గర తేడాలు ఎంత బలంగా ఉన్నాయో గ్రాఫ్ గీస్తే, సరిగ్గా ఒకసారి నొక్కుకుని గరిష్ఠంగా ఉన్న తరంగాలు ఒక డిగ్రీ కోణంలో, అంటే పున్నమి చంద్రుడి వెడల్పుకు రెండింతల దగ్గర, పెద్ద శిఖరంగా కనిపిస్తాయి. దాని తర్వాత రెండో శిఖరం, మూడో శిఖరం. 2000లో బూమరాంగ్, మ్యాక్సిమా బెలూన్ ప్రయోగాలు మొదటి శిఖరాన్ని స్పష్టంగా చూపాయి. అందుకే మ్యాప్‌లో కనిపించేది క్వాంటం ఎత్తుపల్లాల నేరు ఫోటో అనుకోకూడదు. క్వాంటం ఇచ్చింది మొదటి స్థితిని, దాని మీద 3,80,000 ఏళ్ల శబ్దం పనిచేసింది.

ఈ శిఖరాలు అసలు ఉండటమే పెద్ద సాక్ష్యం. ఎలాగో చూడండి. అట్లతద్దికి తోటలో ఒకే పొడవు ఊయలలు చాలా కట్టారనుకుందాం. పిల్లలందరూ ఊయలలను వెనక్కి లాగి ఒకే క్షణంలో వదిలితే, కాసేపటికి ఫోటో తీసినా అన్నీ ఒకే దశలో కనిపిస్తాయి. ఎవరికి తోచినప్పుడు వాళ్లు తోస్తూ పోతే, అదే ఫోటోలో ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి, అంతా కలగాపులగం. సీఎంబీలో ఒకే తరంగదైర్ఘ్యం ఉన్న తరంగాలన్నీ, ఆకాశంలో ఎక్కడున్నా, ఒకే దశలో దొరికాయి. లేకపోతే శిఖరాలు, లోయలు చెరిగిపోయి ఒక మట్టమైన దిబ్బ మిగిలేది. 1980లలో గట్టి పోటీగా ఉన్న కాస్మిక్ స్ట్రింగ్స్ (తొలి విశ్వంలో ఏర్పడి ఉండొచ్చనుకున్న సన్నని శక్తి తీగలు) లాంటి ఆలోచనల్లో తరంగాలను దారి పొడవునా ఎప్పుడు పడితే అప్పుడు తోసేవి ఉంటాయి కాబట్టి ఇలాంటి పదునైన శిఖరాలు రావు. స్తంభించిన తరంగానికి ఎత్తు ఉంటుంది, వేగం ఉండదు. అందుకే హబుల్ రేడియస్ లోపలికి వచ్చినప్పుడు అన్నీ నిలకడ నుంచే బయలుదేరతాయి, అందుకే అన్నిటి దశా ఒకటే.

ఇంకో సాక్ష్యం నాకు దీనికన్నా బలంగా అనిపిస్తుంది. 2003లో డబ్ల్యూమ్యాప్ ఉష్ణోగ్రతకు, పోలరైజేషన్‌కు (వెలుగు తరంగం ఊగే దిశకు) మధ్య ఉన్న సంబంధాన్ని కొలిచింది. ఒక డిగ్రీ కన్నా పెద్ద కోణాల దగ్గర ఆ సంబంధం రుణాత్మకంగా వచ్చింది. సీఎంబీ విడుదలైన నాటికి వెలుగు దాటలేనంత దూరాల్లో తేడాలు అప్పటికే ఉన్నాయని దాని అర్థం. ఇది తర్వాత దారిలో ఏర్పడిందేమో అనే వాదనకు అక్కడ తావు లేదు, తేడాలు బిగ్‌బ్యాంగ్ వేడి దశకు ముందే నాటి ఉండాలి.

ఇక బలం పొడవును బట్టి ఎలా మారుతుందన్నది. ప్రతి తరంగమూ దాదాపు ఒకే హబుల్ రేటు ఉన్నప్పుడు స్తంభించింది కాబట్టి అన్ని పొడవుల దగ్గరా ఎత్తు దాదాపు ఒకటే ఉండాలి. ఖచ్చితంగా ఒకటే అయితే స్పెక్ట్రల్ ఇండెక్స్ అనే సంఖ్య 1 వస్తుంది. కానీ ఇన్‌ఫ్లేషన్ ఎప్పుడో ఆగాలి కదా, ఆగేదైతే హబుల్ రేటు కొంచెం కొంచెంగా తగ్గుతూ ఉండాలి. అలాంటప్పుడు సాధారణ నమూనాల్లో ఆలస్యంగా స్తంభించిన పొట్టి తరంగాల ఎత్తు రవ్వంత తక్కువగా వస్తుంది. ప్లాంక్ 2018 ఫలితాల్లో ఈ సంఖ్య 0.965, కొలతలో అనిశ్చితి 0.004. అంటే 1 నుంచి ఎనిమిది సిగ్మాల దూరం, ఆ అనిశ్చితికి ఎనిమిది రెట్లు. 2025లో చిలీలోని అటకామా టెలిస్కోప్ కొలతలను ప్లాంక్ కొలతలతో కలిపినప్పుడు సంఖ్య కాస్త పైకి జరిగింది, 1 దాకా మాత్రం వెళ్లలేదు. 1981 నాటి కాగితం మీద ఉన్న ఒక చిన్న వంపు ముప్ఫై ఏళ్ల తర్వాత ఆకాశంలో దొరికింది. ఈ సంఖ్య గురించి పాఠం చెప్పేటప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది, దాచుకోవలసిన అవసరం కనిపించదు.

అయితే ఈ సిద్ధాంతం చెప్పలేనిదీ చెప్పాలి. లక్షలో ఒక వంతు అన్న పరిమాణాన్ని అది ముందుగా చెప్పలేదు. ఇన్‌ఫ్లేషన్ శక్తి, క్షేత్రం దిగే వేగం కలిపి ఆ సంఖ్య ఇచ్చేలా మనం సరిచేసుకుంటాం. ఎవరైనా "ఇన్‌ఫ్లేషన్ 30 మైక్రోకెల్విన్లను ఊహించి చెప్పింది" అంటే నమ్మకండి. అది చెప్పింది ఆకారాన్ని, పరిమాణాన్ని కాదు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. పైన చెప్పిన సాక్ష్యాలను నిజాయితీగా వేరు చేసి చూద్దాం. దశలు కలవడం, పెద్ద దూరాల్లో తేడాలు ముందే ఉండటం, 0.965: ఇవన్నీ ఏదో తేడా మొదట్లోనే స్తంభించిందని చూపుతాయి. ఆ తేడా క్వాంటం శూన్యం నుంచే వచ్చిందని నేరుగా చూపవు. తేడాలు గాసియన్‌గా ఉన్నాయన్నది నిజమే, డోలకం కనీస స్థితి గాసియన్ కాబట్టి అది చక్కగా సరిపోతుంది. గాసియన్ నుంచి పక్కకు జరగడం వెయ్యిలో ఒక వంతు కూడా లేదని ప్లాంక్ చూపింది. కానీ చాలా చిన్న చిన్న యాదృచ్ఛిక కారణాలు కలిసినా గాసియనే వస్తుంది. కాబట్టి అది ఒక్కటే సరిపోదు.

నిజమైన ప్రత్యామ్నాయం కూడా ఉంది. 1995లో అర్జున్ బెరెరా ముందుకు తెచ్చిన వార్మ్ ఇన్‌ఫ్లేషన్‌లో, ఇన్‌ఫ్లేషన్ జరుగుతుండగానే కొంత వేడి ఉంటుంది, విత్తనాలు ప్రధానంగా ఆ వేడి కదలికల నుంచి వస్తాయి. అక్కడ శూన్యం వాటా వెనక్కి పోతుంది. కొన్ని నమూనాలు కొలతలతో సరిపోతాయి కూడా. నా అంచనాలో శూన్యం కథే సరళమైనది, తక్కువ సర్దుబాట్లతో ఎక్కువ చెప్పేది. కానీ సరళమైనదన్నది ఒక అభిప్రాయం, అది కొలత స్థానంలో నిలబడదు.

క్వాంటం ముద్రను నేరుగా ఎందుకు చూడలేకపోతున్నాం? కారణం కూడా ఇన్‌ఫ్లేషనే. ఏ వ్యవస్థ క్వాంటమో తేల్చాలంటే, ఒకదాన్ని కొలిస్తే రెండోది చెదిరిపోయే రెండు రాశులను కొలవాలి. ఇక్కడ అవి తరంగం ఎత్తు, అది మారే వేగం. స్తంభన తర్వాత ఎత్తు నిలిచింది, వేగానికి చెందిన స్వతంత్ర భాగం ఘాతీయంగా కుంగిపోయింది. ఇలాంటి స్థితిని స్క్వీజ్డ్ స్థితి అంటారు. మిగిలిన ఎత్తును చూస్తే క్వాంటం లెక్కా, మామూలు యాదృచ్ఛిక లెక్కా ఒకే జవాబు ఇస్తాయి. 1996లో పోలార్‌స్కీ, స్టారోబిన్‌స్కీ ఈ విషయాన్ని స్పష్టంగా రాశారు. తరంగాలు పరిసరాలతో కలిసిపోవడం వల్ల వచ్చే డీకోహెరెన్స్ మిగిలిన కాస్త ముద్రను కూడా చెరిపేస్తుంది. బెల్ పరీక్ష (ఫలితాలు క్వాంటమో, మామూలు యాదృచ్ఛికమో తేల్చే ప్రయోగం) లాంటిది విశ్వం మీద చేయగలిగే ఒక నమూనాను 2015లో హువాన్ మాల్దసేనా కట్టి చూపారు, కానీ అది ప్రత్యేకంగా అమర్చిన ఊహా విశ్వం, మన విశ్వం అలా ఉందని ఆయన కూడా అనలేదు.

దీని కింద ఇంకా లోతైన చిక్కు ఒకటుంది. మొదటి శూన్య స్థితి అన్ని చోట్లా ఒకేలా ఉంది. సమీకరణాలూ అన్ని చోట్లా ఒకేలా ఉన్నాయి. మరి ఇక్కడ వేడి, అక్కడ చలి అన్న తేడా ఏ క్షణంలో వాస్తవమైంది? ప్రయోగశాలలో అయితే కొలిచినప్పుడు అంటాం. ఆనాడు కొలిచేవాళ్లు లేరు. డీకోహెరెన్స్ చాలంటారు చాలామంది. మెక్సికోకు చెందిన డానియేల్ సుదార్‌స్కీ లాంటివాళ్లు చాలదని గట్టిగా వాదిస్తారు. క్వాంటం మెకానిక్స్‌లో కొలత సమస్యకు ఉన్న జవాబులు అన్నీ ఇక్కడికీ వస్తాయి, తగువులూ వస్తాయి. రోజువారీ లెక్కలు చేసేవాళ్లకు ఇది అడ్డు రాదు. అడ్డు రాదు కాబట్టి సమస్యే లేదనడం మాత్రం నాకు నచ్చదు.

దగ్గర్లో ఆశ ఉన్నది గురుత్వ తరంగాల మీద. ఇదే లెక్క ప్రకారం గురుత్వ క్షేత్రానికీ శూన్యపు ఎత్తుపల్లాలు ఉండాలి, అవీ స్తంభించి, సీఎంబీ పోలరైజేషన్‌లో బీ-మోడ్ అనే సుడి ఆకారపు ముద్ర వేయాలి. 2014 మార్చిలో దక్షిణ ధ్రువంలోని బైసెప్2 బృందం అది దొరికిందని ప్రకటించింది. మరుసటి ఏడాది ప్లాంక్‌తో కలిసి చేసిన విశ్లేషణలో ఆ సంకేతంలో ఎక్కువ భాగం మన గెలాక్సీలోని ధూళిదని తేలింది. 2021 నాటికి బైసెప్, కెక్ కొలతలు ఈ తరంగాల వాటా సాంద్రత తేడాల్లో 0.036 కన్నా తక్కువ అని హద్దు గీశాయి. 1980 నాటి స్టారోబిన్‌స్కీ నమూనా 0.003, 0.004 దగ్గర ఉంటుందని చెబుతుంది. చిలీలోని సైమన్స్ అబ్జర్వేటరీ, జపాన్ తయారు చేస్తున్న లైట్‌బర్డ్ ఉపగ్రహం ఆ వైపు వెళ్తున్నాయి. మన దేశంలో కూడా సీఎంబీ-భారత్ పేరుతో శాస్త్రవేత్తలు ఇస్రో ముందు ఒక ప్రతిపాదన పెట్టారు. ఆ సంకేతం దొరికినా కథ పూర్తిగా ముగియదు, కొన్ని నమూనాల్లో గురుత్వ తరంగాలను ఇతర క్షేత్రాలు కూడా పుట్టించగలవు. కానీ శూన్యం నుంచి వచ్చినవైతే వాటి పరిమాణం నేరుగా ఇన్‌ఫ్లేషన్ నాటి హబుల్ రేటును చెబుతుంది, సర్దుబాటు చేసుకోవడానికి ఇంకో అంకె ఉండదు. అందుకే ఇంతమంది ఇన్నేళ్లు దాని వెంట పడ్డారు.

లెక్క స్వయంగా చేసి చూడాలని ఉంటే, ముందు స్థిరమైన హబుల్ రేటుతో విస్తరించే విశ్వంలో ద్రవ్యరాశి లేని ఒక స్కేలార్ క్షేత్రం సమీకరణం రాసుకోండి. కాన్ఫార్మల్ కాలంలోకి మార్చండి, క్షేత్రాన్ని స్కేల్ ఫ్యాక్టర్‌తో గుణించి కొత్త చలరాశిగా తీసుకోండి. రాపిడి పదం పోయి, కాలంతో మారే పౌనఃపున్యం ఉన్న డోలకం మిగులుతుంది. తొలి కాలంలో మామూలు శూన్యంతో కలిసేలా హద్దు షరతు పెట్టండి. దీని పరిష్కారం రెండు పదాలే, బి.ఎస్సీ. గణితం చాలు. చివర్లో తరంగదైర్ఘ్యం చాలా పెద్దదయ్యే హద్దు తీసుకుంటే హబుల్ రేటు బై 2π మీ చేతిలోనే వస్తుంది. గురుత్వాకర్షణను కలుపుకున్న అసలైన లెక్కకు ముఖనోవ్, ససాకీ పేర్లతో పిలిచే సమీకరణం దగ్గరికి అక్కడి నుంచి వెళ్లండి. మధ్యలో ఎక్కడ ఆగినా ఇక్కడే అడగండి, ఆ పంక్తి నుంచి మొదలుపెడదాం.